వరహాలు నడుం కింద ఖాళీ

సిట్టింగ్ 1

ఈ పుస్తకం నా సొంతం. ఆస్పత్రి రికార్డు వేరే ఉంది, అందులో అన్నీ అంకెలే. కరెంటు గదిలో, అంటే గడ్డలకి కిరణాలు పెట్టే గదిలో, బల్ల మీద పడుకున్న ప్రతి మనిషికీ నేను ఇందులో కొన్ని పుటలు వదులుతాను. ఎవరి భుజం మొండికేస్తుందో, ఎవరికి చక్కిలిగింతలో, ఎవరు కళ్ళు మూసుకుంటే వణుకుతారో రాసుకుంటాను. మనిషిని నిన్న పడుకోబెట్టినట్టే ఇవాళా పడుకోబెట్టాలంటే ఇవన్నీ కావాలి. లేకపోతే కిరణం పడాల్సిన చోట పడదు. ఇరవైరెండేళ్ళుగా ఇదే పని.

ఇవాళ్టి మనిషి వరహాలు. నా వరహాలే. మేమిద్దరం ఒకే రాకెట్లో చంద్రుడి మీదికి వచ్చాం, పక్కపక్క సీట్లు, దారంతా వాంతులు. నేను గుల్లపేట ఆస్పత్రిలో చేరాను, అది గాలి ఫిల్టర్ల హాల్లో దుమ్ము దులిపే పనిలో చేరింది. దాంతోపాటు ఊరందరికీ లీకు డ్రిల్లు, అంటే ఊళ్ళో గాలి లీకైతే ఏం చేయాలో, నేర్పేది కూడా అదే. ఎడమ రొమ్ములో గడ్డ వచ్చింది, ఆపరేషన్ అయింది, ఇప్పుడు పదహారు సిట్టింగుల కరెంటు.

ఎడమవైపు అంటే వెనకాలే గుండె. ఊపిరి నిండా పీల్చి పట్టుకుంటే ఊపిరితిత్తి ఉబ్బి గుండెని దూరం జరుపుతుంది. అలా పట్టుకున్న ఇరవై సెకన్లలోనే కరెంటు పెట్టాలి. గుండె జరగకపోతే దాని మీదా పడుతుంది. ఆ దెబ్బ ఇప్పుడు తెలియదు, పదేళ్ళకి తెలుస్తుంది.

ఇన్నాళ్ళూ దీనికి చర్మం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు, గోడల్లోంచి పడే ఎర్రగీతలు, నా రెండు చేతులు ఉండేవి. ఇప్పుడు వెలుగు వల వచ్చింది. పైకప్పుకి మూడు కెమెరాలు. ఒంటి మీద వెలుగుని గళ్ళుగళ్ళుగా పరిచి, మొదటిరోజు ఆకారంతో పోల్చి, వెంట్రుకవాసి తేడా ఉన్నా చెప్పేస్తుంది. పైగా ఉత్త వెలుగే, కిరణం కాదు. ఇక్కడ అది చిన్న సంగతేం కాదు. ప్రతి మనిషికీ బతుకంతటికీ ఇన్ని కిరణాలని కోటా రాసిపెట్టి ఉంటుంది, సూర్యుడి తుఫాన్లకే సగం పోతుంది. రోజూ ఎక్స్‌రే తీసి చూసుకునే వీలు లేదు. ఒకటో సిట్టింగ్‌లో ఒకటి, ఎనిమిదో సిట్టింగ్‌లో ఒకటి, అంతే.

వలతోపాటు భూమి నుంచి సంహిత వచ్చింది. ఇరవయ్యారేళ్ళు. వచ్చి నాలుగు నెలలైంది. నన్ను ఆంటీ అంటుంది. ఇంత పెద్ద ఆస్పత్రిలో నన్ను ఇంకెవరూ అలా పిలవరు.

వరహాలు కళ్ళకి సంహిత అద్దాలు పెట్టింది. వాటిలో ఒక పట్టీ కనపడుతుందట, రొమ్ము లేచిన కొద్దీ లేస్తుందట, అది పచ్చ గడిలోకి చేరాలట. నేను అలవాటు కొద్దీ వరహాలు నడుం కిందికి చెయ్యి పోనిచ్చి, "నడుం ఆనించే" అన్నాను. ఆనించింది. చెయ్యి తీసి బయటికొచ్చాం. ఎక్స్‌రే తీస్తే గుండె ఎంత దూరంగా జరగాలో అంత జరిగింది.

డాక్టర్ ఇమ్మానుయేల్ తెర చూసి, "మొదటిరోజే ఇంత కచ్చితంగా! వల బాగా పనిచేస్తోందమ్మా సంహితా" అన్నారు. ఆ అమ్మాయి సిగ్గుపడుతూ థాంక్యూ చెప్పింది. నా చెయ్యి సంగతి ఎవరికీ గుర్తులేదు. నాకు మాత్రం అన్నం తినేటప్పుడు కూడా గుర్తొచ్చింది.

సిట్టింగ్ 2

తలుపు మీద కాగితం అంటించారు. కరెంటు గదిలోకి ఇకనుంచి రోగితోపాటు ఒక్కరే. ఆ ఒక్కరూ సంహిత. నా పనల్లా రోగిని తీసుకురావడం, దుప్పటి పరవడం, అయ్యాక దుప్పటి తీయడం.

వరహాలు బయటికొచ్చి చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వింది. "ఏటే ఆ మొకం? నాకు హాయిగా ఉంది. సుక్క నేదు, గీత నేదు, ఎవులూ ముట్టుకోనేదు. పట్టీ పచ్చగడిలోకి ఎల్లిందంటే అయిపోనాది."

చేతులు చంకలో వెచ్చబెట్టుకోకుండా నేను ఒక్క మనిషినీ ముట్టుకుని ఎరగను. ముట్టుకోకపోతే హాయి అన్న మాట మొదటిసారి విన్నాను, అదీ దీని నోటి నుంచి.

దుప్పటి తీయడానికి లోపలికెళ్ళాను. మనిషి లేచిపోయాక దుప్పటి చూస్తే చాలా తెలుస్తుంది. భుజాల దగ్గర రెండు నలుగుడు మచ్చలు పడాలి, పిరుదుల దగ్గర పల్లం, నడుం దగ్గర సన్నటి అడ్డ ముడతలు. ఇక్కడ ఒంటి బరువు భూమి మీద ఉన్నదాంట్లో ఆరో వంతే కాబట్టి గుర్తులు తేలిగ్గా పడతాయి, చూడ్డం తెలిసుండాలి. వరహాలు దుప్పటి మీద నడుం దగ్గర ఒక్క ముడతైనా లేదు, పరిచినప్పటి ఇస్త్రీ అలాగే ఉంది. పిరుదుల పల్లం మామూలుకంటే లోతుగా ఉంది. లెక్క వేస్తే నడుం కింద రెండు వేళ్ళ ఖాళీ.

ఏం జరిగిందో అక్కడే అర్థమైంది. గుల్లపేటలో ఊపిరి పట్టమంటే ఎవరైనా అదే చేస్తారు. సైరన్ మోగగానే ఊపిరి బిగబట్టు, నడుం విల్లులా ఎత్తు, సూటు వెనక కొక్కెం టక్కుమని పడాలి. పిల్లలకి ఐదో ఏట నుంచీ నేర్పేది ఇదే. కొక్కెం పడకపోతే మనిషి దక్కడు కాబట్టి ఒళ్ళు మరిచిపోదు. అందులోనూ వరహాలు ఇరవై ఏళ్ళుగా ఊరికి ఊరు ఈ డ్రిల్లు నేర్పింది. ఊపిరి అనగానే దాని నడుం దానంతటదే లేస్తుంది. నడుం లేస్తే రొమ్మూ లేస్తుంది, పట్టీ పచ్చలోకి పోతుంది, లోపల ఊపిరి మాత్రం సగమే. గుండె ఎక్కడిదక్కడే ఉంటుంది. వలకి కనపడేది రొమ్ము ఎముక మీద సంహిత గీసిన గడి ఒక్కటే, నడుం దాని కంటికి ఆనదు.

నేను అందరి నడుం కిందా చెయ్యి పెట్టేది ఇందుకే. ఎందుకు పెడతానో ఎవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. భూమి నుంచి వచ్చిన పిల్లకి ఎలా తెలుస్తుంది?

చెబుదామనే వెళ్ళాను. సంహిత తెర ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి, "వరహాలుగారు సూపర్, ఆంటీ. మిల్లీమీటరు కూడా తేడా రాలేదు. చేతులతో ఇంత కచ్చితంగా ఎప్పుడైనా వచ్చేదా?" అంది. ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగింది. నాకు ఒళ్ళు మండింది. దుప్పటి మడతపెట్టుకుని వచ్చేశాను.

సిట్టింగ్ 3

ఇవాళ నాలుగు వేళ్ళు. నడుం దగ్గర ఇస్త్రీ చెక్కుచెదరలేదు.

నిన్న చెప్పలేదు కాబట్టి ఇవాళ చెప్పడం ఇంకా కష్టమైంది. దారిలో ఒక ఉపాయం తట్టింది. ఎనిమిదో సిట్టింగ్‌లో ఎలాగూ ఎక్స్‌రే ఉంది. డాక్టరుగారు తెర ముందే ఉంటారు. గుండె ఎక్కడుందో ఆయన కళ్ళతో ఆయనే చూస్తారు. అప్పుడు వల మొహం, ఆ అమ్మాయి మొహం ఎలా ఉంటాయో నాకు చూడాలని ఉంది.

ఈ పుస్తకంలో ఇన్నేళ్ళుగా ఉన్నదున్నట్టు రాశాను, ఇదీ రాస్తాను. నాకు కుళ్ళు. ఆ అమ్మాయి వయసంటే కుళ్ళు, దాని చేతికి పని లేకుండానే పనైపోవడమంటే కుళ్ళు, పైకప్పుకి వేలాడే ఆ మూడు కెమెరాలంటే కూడా కుళ్ళే. కెమెరాల మీద పడి ఏడ్చే మనిషిని నన్నే చూశాను.

సిట్టింగ్ 4

వరహాలు ఫిల్టర్ల హాల్లో దీపాల కింద, తొట్లలో చుక్కకూర పెంచుతుంది. ప్రతి వారం నాకో కట్ట వస్తుంది. ఊళ్ళో ఇంకెవరికీ ఇవ్వదు, వియ్యపురాలు అడిగితే కూడా మొక్కలు చిన్నవని తప్పించుకుంది.

ఇవాళ సంచీలోంచి రెండు కట్టలు తీసింది. ఒకటి నాకు. ఒకటి సంహితకి. సంహితది పెద్దది.

"ఆ గుంటకి ఇక్కడ ఎవులున్నారే. ఆళ్ళమ్మ దగ్గిరుంటే వండిపెట్టును" అంది నాతో.

"నాకు మాత్రం ఎవులున్నారు?" అన్నాను.

"నీకు నానున్నాను కదా, ఎర్రిదానా" అంది నవ్వేస్తూ.

దుప్పటి: నాలుగు వేళ్ళు. నా కట్ట వండలేదు. గిన్నెలో నీళ్ళు పోసి పెట్టాను, వాడిపోయింది.

సిట్టింగ్ 5

వరహాలుకి నడుం పట్టేసింది. రోజూ ఎత్తుతుంటే పట్టక ఏం చేస్తుంది. ఎత్తలేక బల్లకి ఆనించే పడుకుందట. ఊపిరి నిజంగా పీలిస్తే తప్ప పట్టీ లేవలేదు, పదకొండుసార్లు ఎర్ర, ఎలాగో నాలుగుసార్లు పచ్చ. ఆ నాలుగుసార్లలోనే కరెంటు పెట్టారు. గంట పట్టింది. దుప్పటి మీద నడుం ముడతలు చక్కగా పడ్డాయి. ఇవాళ ఖాళీ లేదు.

బయటికొచ్చాక వరహాలు మొహం మాడ్చుకుని ఉంది. "ఇయ్యాల నా పరువు పోనాది. నిన్నటిదాకా ఒక్కపాలి ఎర్ర సూపించనేదు" అంది. నా చెయ్యి లేకుండా సరిగ్గా జరిగింది ఇవాళొక్కరోజేనని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

సాయంత్రం డాక్టరుగారు పిలిచి, వచ్చే నెల ఎర్రగీతల దీపాలు ఊడదీయిస్తున్నామన్నారు. "మీకూ విశ్రాంతి కావాలి రత్నంగారూ, దుప్పట్ల గది మీరు చూసుకోండి" అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. ఇంకో మూడు సిట్టింగులు ఆగితే ఈయనే నన్ను వెతుక్కుంటూ వస్తారని నాలో నేను అనుకున్నాను.

సిట్టింగ్ 6

నాలుగు వేళ్ళు. నడుం నొప్పికి మాత్ర వేసుకుని వచ్చిందట, పట్టీ మళ్ళీ పచ్చలోకి దూకింది, సంహిత చప్పట్లు కొట్టింది.

క్యాంటీన్‌లో ఇద్దరం టీ తాగాం. వరహాలు మనవరాలు మంగ గురించి మొదలుపెట్టింది. ఏడేళ్ళు దానికి. పన్నెండో ఏట ఇక్కడి పిల్లలందరూ చంద్రుడి నేల మీదికి తెరుచుకునే పై తలుపు దాకా వెళ్ళి, మొదటిసారి బయట నిలబడి డ్రిల్లు చేస్తారు. పక్కన నేర్పినవాళ్ళు ఉంటారు. ఊళ్ళో పిల్లలందరినీ వరహాలే తీసుకెళ్ళింది. కూతురు చిన్నదిగా ఉన్నప్పుడు మాత్రం జ్వరం వచ్చి వెళ్ళలేకపోయింది, ఇంకెవరో తీసుకెళ్ళారు.

"మంగని మాత్రం నానే అట్టుకెల్తాను. ఇంకా అయిదేళ్ళే కదా. డాట్రుబాబు సెప్పినాడు, ఈ పదారూ సరిగా అయిపోతే ఇంకో ఇరవయ్యేళ్ళు నాకు డోకా నేదంట" అంది.

సగం తాగిన గ్లాసు పక్కకి జరిపాను.

"ఏటే, నీకు ఒంట్లో బాగోనేదా?" అని నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఇంటికొచ్చి పుస్తకం తిరగేశాను. రెండు వేళ్ళు, నాలుగు, నాలుగు, సున్నా, నాలుగు. నా చేత్తో నేనే రాసుకున్నవి. ఎనిమిదో సిట్టింగ్ దాకా ఆగను. రేపే చెబుతాను.

సిట్టింగ్ 7

చెప్పలేదు. తలుపు మూసుకునే దాకా నిలబడి చూస్తూనే ఉన్నాను. లోపల కెమెరాల వెలుగు వచ్చింది. తెర మీద పట్టీ పచ్చలోకి ఎక్కింది. సంహిత వేలు మీట మీదికి వెళ్ళింది. నేను వెళ్ళి ఆ పక్కనున్న, కరెంటు ఆపే ఎర్ర బొత్తాం గుద్దాను. ఇరవైరెండేళ్ళలో దాన్ని ఎప్పుడూ నొక్కలేదు, గంట అంత గట్టిగా మోగుతుందని తెలియదు.

"ఏమైంది ఆంటీ?" అని సంహిత లేచింది. నేను లోపలికెళ్ళి వరహాలు నడుం కింద చెయ్యి పెట్టాను. పిడికిలి పట్టేంత ఖాళీ.

"ఇలాగే ఉండే. కదలకు" అన్నాను. సంహితని పిలిచి చెయ్యి పెట్టి చూడమన్నాను. పెట్టింది. డ్రిల్లు సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. డాక్టరుగారు పరిగెత్తుకుంటూ వచ్చి, కోటా సంగతి తర్వాత చూద్దామని ఎక్స్‌రే తీయించారు. తెర మీద గుండె రొమ్ము గోడకి అతుక్కుని ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందో?" అన్నారు ఆయన.

"నా తప్పే సార్. నేను గడి రొమ్ము మీదే గీశాను" అంది సంహిత.

ఆయన నావైపు తిరిగారు. "మీకెలా తెలిసింది రత్నంగారూ?"

"ఇవాళే అనుమానమొచ్చింది" అన్నాను.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. డాక్టరుగారు నా భుజం తట్టారు. ఎర్రగీతల దీపాలు ఉంచుదామన్నారు. నర్సులు వచ్చి చూసిపోయారు. రత్నంగారి చెయ్యి, రత్నంగారి చెయ్యి అని మధ్యాహ్నం దాకా ఇదే మాట. నేను కోరుకున్నది అక్షరం పొల్లుపోకుండా జరిగింది.

మూడింటికి సంహిత పొరపాటు జరిగిందని కాగితం రాస్తూ కనపడింది. పక్కనే డాక్టరుగారు లెక్క వేస్తున్నారు. గుండె మీద ఎంత పడిందో తేలాలంటే ఎన్ని సిట్టింగుల్లో నడుం లేచిందో, ఎంత లేచిందో తెలియాలి. వల దగ్గర రొమ్ము అంకెలే ఉన్నాయి, అన్నీ పచ్చే. అన్ని రోజులూ లేచిందనుకుంటే మిగతా కరెంటు బాగా తగ్గించాలి, గడ్డ మళ్ళీ వస్తుందేమో. ఇవాళొక్కరోజే అనుకుంటే గుండెకి పడిన దెబ్బ లెక్కలోకే రాదు. ఆయన పెన్సిల్ నోట్లో పెట్టి కొరుకుతున్నారు. సంహిత ఏడుస్తూ, "ఏదో ఒకటి నా పేరు మీద రాసెయ్యండి సార్" అంటోంది.

ఆ లెక్క గుల్లపేటలో ఒక్కచోటే ఉంది. నా సంచీలో. పక్కన ఏం రాశానో కూడా అందులోనే ఉంది. పుటలు చింపి అంకెలు మాత్రం ఇద్దామా అనుకున్నాను. అంకె పక్కనే కుళ్ళు, కుళ్ళు పక్కనే అంకె. విడదీసే దారి లేకపోయింది.

పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. "ఇందులో ఉంది సార్. రెండో సిట్టింగ్ నుంచి."

సిట్టింగ్ 8

పుస్తకం ఐదు రోజుల తర్వాత నా చేతికొచ్చింది. అంచుల్లో డాక్టరుగారి పెన్సిల్ గీతలు. ఇక్కడి నియమం ప్రకారం ఎవరి ఒంటి మీద కిరణం పడిందో వాళ్ళకి దాని సంగతంతా చదివే హక్కు ఉంది. వరహాలు మొత్తం చదివింది. చుక్కకూర వాడిపోయిందని కూడా చదివింది.

లెక్క తేలింది. మిగిలినవన్నీ సరిగ్గా జరిగితే గుండె ప్రమాదపు గీత దాటదు, గీత మీద ఆగుతుంది. ఏటా పరీక్ష చేయించుకోవాలి. కానీ ఆ నాలుగు సిట్టింగుల్లో గుండె మీద అదనంగా పడిన కిరణాలు, ఇంకో ఎక్స్‌రే, అన్నీ వరహాలు కోటాలోంచి పోయాయి. బయట పడే కిరణాలకి అందులో చోటు మిగల్లేదు కాబట్టి ఇక దానికి పై తలుపు దగ్గరికి వెళ్ళే అనుమతి లేదు. ఎప్పటికీ లేదు.

నన్ను ఈ పదహారు అయ్యేదాకా ఉంచి, తర్వాత దుప్పట్ల గదికి వేస్తారు. డాక్టరుగారు నా కళ్ళలోకి చూడకుండా చెప్పారు. తిట్టినా బాగుండేది.

వరహాలు వచ్చింది. నావైపు చూడలేదు. నేను అలవాటు కొద్దీ చేతులు వెచ్చబెట్టుకున్నాను.

"దాని సెయ్యి నా మీద పడకూడదు. ఆ గుంటనే ఎట్టమనండి" అంది డాక్టరుగారితో.

ఆ గుంటకి రాదు కదా. అందుకని నేను గోడ దగ్గర నిలబడి, అక్కడి నుంచి నేర్పాను. "ముందు చేతులు చంకలో పెట్టుకో. ఇరవై లెక్కపెట్టు. అరచెయ్యి పైకి ఉండాలి. తోయకు. ఊరికే ఉంచు, నడుమే దిగి వస్తుంది. వెన్నుపూసలు ఒకటి, రెండు తగులుతాయి. మూడోది తగిలాక ఊపిరి పీల్చమను."

సంహిత అలాగే చేసింది. ఇది నేను ఎవరికీ ఇవ్వని పని. ఇస్తుంటే పుండు మీద కారం చల్లుకున్నట్టే ఉంది. మూడోది తగలగానే ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని నావైపు చూసింది. నాకు మొదటిసారి తగిలినప్పుడు నేనూ అలాగే చూసి ఉంటాను.

పట్టీ ఎర్రలోనే ఉంది. తొమ్మిదిసార్లు. పదోసారి పచ్చ.

సిట్టింగ్ 11

వరహాలు నాతో మాట్లాడదు. వస్తుంది, పడుకుంటుంది, వెళ్తుంది. వారం తిరిగింది, చుక్కకూర రాలేదు. సంహితకి మాత్రం వచ్చింది. నేను చూడకుండా ఆ పిల్ల దాన్ని కోటు కింద దాచుకుంది. దాచినందుకు ఇంకా కడుపు మండింది.

సంహిత కొత్త గడి గీసింది, నడుం పక్కన, దుప్పటి తప్పించి. వల ఇప్పుడు అదీ చూస్తుంది. అయినా ముందు చెయ్యే పెడుతుంది. తలుపు మీది కాగితం పక్కన ఇంకో కాగితం అంటించింది: ఊపిరి పట్టించే ముందు నడుం కింద చెయ్యి పెట్టి చూడాలి. కింద నా పేరు రాసింది. నేను చేసిన పనికి నా పేరు తీసేయమన్నాను. "నేర్పింది మీరే కదా ఆంటీ" అంది. ఆంటీ అన్న పిలుపు ఇవాళ అంతగా గుచ్చుకోలేదు.

దుప్పటి: ముడతలు బాగున్నాయి.

సిట్టింగ్ 14

ఊపిరి ఇరవై సెకన్లు నిలుస్తోంది. మొదటిసారికే పచ్చ. దుమ్ము తిన్న ఊపిరితిత్తులతో ఇంత చేయడం మాటలు కాదు. ఇంట్లో మంగ పక్కన కూర్చుని లెక్కపెడుతుందట, సంహిత చెప్పింది. వరహాలు సంగతులు ఇప్పుడు నాకు సంహిత నోటినుంచి తెలుస్తున్నాయి.

సిట్టింగ్ 16

ఆఖరుది.

నేను గోడ దగ్గర నిలబడ్డాను. సంహిత చెయ్యి పెట్టింది. వరహాలు పైకప్పుకేసి చూస్తూ, "ఈ గుంట సెయ్యి ఇంకా సల్లగానే ఉంది" అంది. ఎవరితో అందో తెలియలేదు. సంహిత నావైపు చూసింది. "ఇరవై లెక్కపెట్టలేదు నువ్వు" అన్నాను. మళ్ళీ చంకలో పెట్టుకుని లెక్కపెట్టింది. ముగ్గురం ఆగాం. ఊపిరి, పచ్చ, కరెంటు. అయిపోయింది.

అయ్యాక దుప్పటి తీయడానికి వెళ్ళాను. వరహాలు ఇంకా బల్ల అంచున కూర్చునే ఉంది, కాళ్ళు ఆడిస్తూ. సంహిత ఏదో పని ఉన్నట్టు బయటికెళ్ళింది.

"పుస్తకం ఏదీ?" అంది.

ఇచ్చాను. ఎనిమిది నుంచి పద్నాలుగు దాకా రాసినవి నిలబడే చదివింది. పదకొండో దగ్గర కొంచెం ఆగింది. మూసి, నా చేతిలో పెట్టింది.

"మంగని అయిదేళ్ళకి పై తలుపుకాడికి ఎవులు అట్టుకెల్తారు?" అంది.

నేను పుస్తకం సంచీలో పెట్టుకున్నాను.

"నా కూతురికి కొక్కెం సూడ్డం రాదు. అల్లుడికి అసలే రాదు. నాను ఎల్లనేను. నువ్వెల్లాల."

"నేనా?"

"మరెవులు? నువ్వే సేసినావు, నువ్వే ఎల్లు. ఊపిరి పట్టమని సెప్పు. దాని నడుం కింద సెయ్యెట్టి సూడు. కొక్కెం పడిందో నేదో నీ సేత్తో సూసి, అప్పుడు తలుపు తియ్యమను. సెయ్యి ఎచ్చగా ఉండాల."

"అలాగే" అన్నాను.

వరహాలు బల్ల దిగి గుండీలు పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"నాను కింద మెట్ల కాడ నిలబడతాను. నువ్వు దాని సెయ్యట్టుకుని పైకి ఎల్తుంటే సూస్తాను. ఆ రోజు నాకు నువ్వంటే కుళ్ళుగా ఉంటాది రత్నం. అది కూడా రాసుకో."

రాసుకున్నాను.